గింబళి, వీరతాడు, వేలాడే కోడి

ప్రశ్న: నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగాను. ఇంట్లో తెలుగే గానీ చూసినవన్నీ హిందీ, బెంగాలీ సినిమాలు. పెళ్లయి తెనాలి వచ్చి ఎనిమిది నెలలైంది. అత్తవారింట్లో అందరూ మంచివాళ్లే. భోజనాల దగ్గర ఒకరు "కోడిని వేలాడదీయండి" అంటారు, ఇంకొకరు "వీళ్లు అసమదీయులు" అంటారు, అందరూ నవ్వుతారు. నాకు ఒక్కటీ అర్థం కాదు. అడిగితే "నీకు తెలీదులే" అంటారు. పరాయిదాన్ననిపిస్తోంది.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. "నీకు తెలీదులే" అన్న మాట ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. వాళ్లు కావాలని అని ఉండరు. చిన్నప్పటినుంచి నోట్లో నానిన మాటలు కదా, అవి సినిమావన్న సంగతే వాళ్లకి గుర్తుండదు. ముందు నీకు ఆ మాటల సంగతి చెబుతాను.

కోడిది తేలిక. 1987లో జంధ్యాల గారు తీసిన 'అహ నా పెళ్లంట'లో కోట శ్రీనివాసరావు గారు పిసినారి. కోడిని కళ్లెదుట వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. కూర చాలని రోజున మన ఇళ్లలో ఆ కోడి తప్పక గుర్తొస్తుంది. "సుత్తి" అని కూడా వినే ఉంటావు. విసుగు పుట్టించే మాటలకి ఆ పేరు ఇంటింటికీ చేరింది 1982 నాటి 'నాలుగు స్తంభాలాట'తో. అదీ జంధ్యాల గారిదే. అందులో వేసిన వీరభద్రరావు గారికీ, వేలు గారికీ ఆ మాటే ఇంటిపేరైపోయింది.

అసమదీయులు ఇంకా పాతవాళ్లు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో పుట్టారు. సంస్కృతంలో అస్మదీయులంటే మనవాళ్లు. రాక్షసుల నోట అది అసమదీయులైంది. మరి మనవాళ్లు కానివాళ్లో? తసమదీయులు! ఆ కొత్త మాటకి ఘటోత్కచుడు, అంటే ఎస్వీ రంగారావు గారు, మురిసిపోయి, ఆ మాట అన్నవాడి మెడలో బహుమానంగా వీరతాడు వేయిస్తాడు. ఈ మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు గారు. మాట పుట్టించినవాడికి బహుమానం ఇప్పించిన రచయిత అని నాకు ఆయనంటే ప్రాణం.

మా నాన్నగారు ఏలూరులో ఒక మిల్లులో గుమస్తా. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేముందు "వెయ్యండి వీరతాడు" అంటూ తన భుజం మీది కండువా తీసి మా మెడలో వేసేవారు. మా అక్కకి క్లాసులో ఫస్టు వచ్చినా అదే కండువా, నాకు లెక్కల్లో 36 వచ్చినా అదే కండువా. దానికెప్పుడూ చుట్ట వాసన. నేను ఆ సినిమా చూసింది కాలేజీలో చేరాకే. తెర మీద ఆ మాట వినపడగానే ఉలిక్కిపడ్డాను. అన్నేళ్లూ అది మా నాన్నగారి మాటే అనుకున్నాను!

మీ అత్తవారింట్లో ఆ కోడి వెనకా ఇలాంటిది ఏదో ఉంటుంది. అందుకని ఏ సినిమాలోదని అడగకు. "ఇది మనింట్లో మొదట ఎవరన్నారత్తయ్యా?" అని అడుగు. ఆవిడ కూర్చుని చెబుతారు. మీ పుట్టింట్లోనూ ఇలాంటి మాటలు ఉండే ఉంటాయి, బెంగాలీవో, హిందీవో, ప్లాట్‌ఫారం మీద విన్నవో. వాటిని దాచుకోకు తల్లీ. భోజనాల దగ్గర ఒకటి అను. ఈసారి అర్థం వాళ్లడుగుతారు.

ప్రశ్న: ఏడో తరగతి చదివే మా పాప తెలుగు పరీక్షలో తివాచీకి "గింబళి" అని రాసింది. టీచరు కొట్టేశారు. ఒకటే ఏడుపు.
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పాను. నేనైనా కొట్టేసేదాన్నే. కానీ పాపకి ఈ సంగతి చెప్పండి. పులి గిలి, పెళ్లి గిళ్లి అంటాం కదా. తల్పం గిల్పం, కంబళి గింబళి కూడా అలాంటివే. 'మాయాబజార్'లో పింగళి గారు ఆ జంటలో రెండోదాన్ని విడదీసి, రాక్షసుల మాయా విడిదిలో సామానుకి పేర్లుగా పెట్టేశారు. ఇంత చిన్న పిల్లకి ఆ మాట నచ్చిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది. ఇంట్లో ఒక వీరతాడు వేయండి.

ప్రశ్న: మా అబ్బాయి పుణెలో హాస్టల్లో ఉంటాడు. "తిన్నావా? డబ్బు అందిందా?" అని మెసేజ్ పెడితే బ్రహ్మానందం గారి బొమ్మ ఒకటి పంపిస్తాడు. నాకు టెన్షన్, వాడికి ఆట.
- ఒక తండ్రి, అనంతపురం

జవాబు: బ్రహ్మానందం గారు సినిమాల్లోకి రాకముందు అత్తిలిలో తెలుగు లెక్చరరు. ఆయన ముఖం చెప్పలేని భావం లేదు, కాబట్టి పిల్లలు వాడుకోవడం నాకు తప్పనిపించదు. కానీ తిండి, డబ్బు, ఒంట్లో బాగోలేకపోవడం, ఈ మూడింటికి మాత్రం మాటతోనే జవాబివ్వాలని వాడికి చెప్పండి. కోప్పడకుండా చెప్పండి.

నిరుడు నా మోకాలికి ఆపరేషనైతే మా మేనల్లుడు డల్లాస్ నుంచి బ్రహ్మానందం గారు ఏడుస్తున్న బొమ్మ పంపాడు. నాకు చాలా కష్టమేసింది. ఉండబట్టలేక ఫోన్ చేశాను. "అత్తా" అన్నాడు, ఆ తర్వాత గొంతు పెగల్లేదు వాడికి. ఏం రాయాలో తెలియక గంటసేపు కూర్చుని చివరికి అది పంపాడట.

అప్పటినుంచి బొమ్మ వస్తే నేనే ఫోన్ చేస్తున్నాను. మీరూ చేయండి. రాత్రి తొమ్మిది దాటాక చేయండి, అప్పటికి హాస్టల్లో భోజనాలు అయిపోయి ఉంటాయి.