404 పేజీ చక్కగానే వస్తోంది, కానీ సర్వర్ 200 చెబుతోంది: నాకు ఎదురైంది, సరిచేసింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉన్న షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) సొంత 404 పేజీ, అంటే "పేజీ లేదు" అని చెప్పేది, పెట్టారు, తప్పు లింక్ కొడితే ఆ పేజీ బాగానే వస్తోంది, కానీ గూగుల్ సెర్చ్ కన్సోల్ ఆ లింకులన్నిటినీ సాఫ్ట్ 404 (పేజీ లేకపోయినా సర్వర్ 200, అంటే "బాగానే ఉంది" అనే కోడ్ చెప్పడం) కింద చూపిస్తోంది. 500కి (సర్వర్ లోపలే ఏదో చెడింది అని చెప్పే కోడ్) కూడా ఇలాంటి పేజీ పెట్టొచ్చా అని కూడా అడిగారు. మా పిన్ని పచ్చళ్ల సైట్ నేనే చూస్తాను, ఈ రెండు సమస్యలూ అక్కడే ఎదురయ్యాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట మీ డాట్ హెచ్‌టీయాక్సెస్ (.htaccess, అపాచీకి మన సెట్టింగులు చెప్పే ఫైల్) తెరిచి ఎర్రర్‌డాక్యుమెంట్ (ErrorDocument, ఏ కోడ్‌కి ఏ పేజీ చూపాలో చెప్పేది) ఉన్న లైన్ చూడండి. 404 అన్న అంకె తర్వాత హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి అడ్రస్ రాశారా? నేను అలాగే రాశాను. పూర్తి అడ్రస్ ఇస్తే అపాచీ దాన్ని వేరే చోట ఉన్న పేజీ అనుకుని, బ్రౌజర్‌ని 302తో (తాత్కాలికంగా వేరే అడ్రస్‌కి మళ్లించే కోడ్) అక్కడికి పంపిస్తుంది. ఆ ఎర్రర్ పేజీ నిజంగానే ఉన్న ఫైల్ కాబట్టి అది 200తో తెరుచుకుంటుంది. అంటే చూసే మనిషికి "పేజీ లేదు" అని కనిపిస్తుంది, గూగుల్‌కి మాత్రం "అంతా బాగానే ఉంది" అని చేరుతుంది. అసలు 404 అనే మాట ఎక్కడా బయటికి వెళ్లదు. గుర్తు పట్టడం తేలిక: తప్పు లింక్ కొట్టినప్పుడు అడ్రస్ బార్‌లో ఆ తప్పు లింకే ఉండాలి, అది మారిపోయి మీ ఎర్రర్ పేజీ పేరు వస్తే ఇదే సంగతి. డొమైన్ పేరు తీసేసి, ముందు ఒక్క స్లాష్, వెంటనే ఫైల్ పేరు పెట్టండి, చాలు.

ఇది మార్చగానే ఇంకోటి బయటపడుతుంది, కంగారు పడకండి. ఇప్పుడు ఎర్రర్ పేజీ ఆ తప్పు లింక్ అడ్రస్ మీదే తెరుచుకుంటుంది కదా, లోపలి ఫోల్డర్ లింక్ అయితే బ్రౌజర్ మీ సీఎస్ఎస్ (పేజీ రంగులూ రూపం చెప్పే) ఫైల్నీ లోగోనీ ఆ లోపలి ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. దాంతో పేజీ రంగులూ బొమ్మలూ లేకుండా బోసిగా వస్తుంది. ఎర్రర్ పేజీలో ఉన్న ప్రతి బొమ్మకీ, ప్రతి స్టైల్ ఫైల్‌కీ, ప్రతి లింక్‌కీ ముందు స్లాష్ ఉండాలి. యూటీఎఫ్-8 అని చెప్పే మెటా ట్యాగ్ కూడా మర్చిపోవద్దు, అది లేకపోతే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు రావచ్చు.

తప్పు లింకులన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించమని కొందరు సలహా ఇస్తారు, దయచేసి ఆ పని చేయకండి. మాగాయ కోసం వచ్చిన మనిషికి ఏమీ చెప్పకుండా హోమ్ పేజీ చూపిస్తే, తను నొక్కింది తప్పేమో అనుకుని మళ్లీ అదే లింక్ నొక్కుతారు, మళ్లీ అదే వస్తుంది, విసుగొచ్చి వెళ్లిపోతారు. గూగుల్ దాన్ని కూడా సాఫ్ట్ 404గానే తీసుకోవచ్చు. పేజీ పేరు మారితే పాత లింక్‌ని కొత్తదానికి 301తో (శాశ్వతంగా మళ్లించే కోడ్) మళ్లించండి. ఆ సరుకు ఇక ఎప్పటికీ రాదంటే 410 (శాశ్వతంగా తీసేశాం అని చెప్పే కోడ్) ఇవ్వండి. మిగతావాటికి నిజాయితీగా 404 చెప్పి, అందులో "మీరు వెతుకుతున్న పేజీ ఇక్కడ లేదు" అని మామూలు తెలుగులో రాసి, ఇప్పుడు దొరికే పచ్చళ్ల లింకులూ వాట్సాప్ నంబరూ పెట్టండి. మేం నంబర్ పెట్టాక పిన్నికి ఆ పేజీ చూసి ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.

మాకు తప్పు లింకులు ఎక్కువగా ఎందుకు వచ్చేవంటే, పేజీల అడ్రస్‌లు తెలుగులో పెట్టాం. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ కాపీ చేసినప్పుడు ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు, ఒక్కో బైట్ పర్సెంట్ గుర్తుతో కలిపి మూడక్షరాలు, మొత్తం తొమ్మిది అవుతుంది. "ఆవకాయ" ఒక్కటే 45 అక్షరాల లింక్! దాన్ని వాట్సాప్‌లో పంపుకునేటప్పుడు సగానికి తెగిపోయేది. సరిగ్గా పర్సెంట్ గుర్తు దగ్గర తెగితే వచ్చేది 404 కూడా కాదు, 400, అంటే అడిగిన తీరే తప్పు అని చెప్పే కోడ్. దానికి డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో పేజీ రాసి చూశాను, మా సర్వర్‌లో అది రాలేదు, ఎందుకంటే లింకే చదవలేనప్పుడు అపాచీ ఆ ఫోల్డర్ దాకా వచ్చి మన ఫైల్ చూడదు. చివరికి అడ్రస్‌లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చి, పాతవి 301తో మళ్లించాను.

ఇక 500 సంగతి. దీని దగ్గరే నేను ఎక్కువ నష్టపోయాను. మే నెల, ఆవకాయ సీజన్, హైదరాబాద్ నుంచీ అమెరికా నుంచీ ఆర్డర్లు వస్తున్న సమయంలో ఒకరోజు పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి "తెల్లకాగితంలా వస్తోందిరా, ఏమీ కనిపించడం లేదు" అంది. డేటాబేస్ ఆగిపోయింది. 500కి నేను సొంత పేజీ పెట్టాను, కానీ అది కూడా పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్) ఫైలే, పైన మెనూ కోసం అదే డేటాబేస్‌ని అడుగుతోంది! సైట్ పడిపోయినప్పుడు కనిపించాల్సిన పేజీ సైట్‌తో పాటే పడిపోయింది. హోస్టింగ్ వాళ్లు సరిచేసేసరికి మధ్యాహ్నం దాటింది, అప్పటిదాకా వచ్చినవాళ్లకి ఒక్క మాట కూడా చెప్పలేకపోయాం. పిన్ని గొంతులో టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి 500, 503 (ప్రస్తుతానికి సర్వర్ అందుబాటులో లేదు అని చెప్పే కోడ్) పేజీలు ఉత్త హెచ్‌టీఎంఎల్‌గా ఉండాలి, స్టైల్ కూడా అందులోనే రాసేయాలి, డేటాబేస్ వద్దు, మెనూ వద్దు, బయటి నుంచి వచ్చే ఫాంట్ కూడా వద్దు. ఇంకో చిక్కు ఏమిటంటే, పీహెచ్‌పీ మధ్యలో ఆగిపోయి తనే 500 పంపితే చాలా హోస్టింగుల్లో అపాచీ దాన్ని అలాగే పంపేస్తుంది, మీ ఎర్రర్‌డాక్యుమెంట్ లైన్‌ని పట్టించుకోదు. అందుకని డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే చోటే, అది కుదరకపోతే 503 కోడ్ పెట్టి, ఆ హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ని చదివి పంపి అక్కడితో ఆపేయమని పీహెచ్‌పీలో రాసుకున్నాను. 503తో పాటు రిట్రై-ఆఫ్టర్ (Retry-After) హెడర్, అంటే సర్వర్ జవాబుతో వెళ్లే చిన్న సమాచారం, కూడా పంపితే ఎంతసేపు ఆగి మళ్లీ రావాలో గూగుల్‌కి ఒక లెక్క తెలుస్తుంది.

ఎవరైనా సొంత సర్వర్‌లో ఉబుంటు మీద అపాచీ వేసుకుని ఇది చదువుతుంటే, అక్కడ మామూలుగా వచ్చే సెట్టింగ్‌లో డాట్ హెచ్‌టీయాక్సెస్‌ని సర్వర్ అసలు చదవదు, అలౌఓవర్‌రైడ్ (AllowOverride, ఆ ఫైల్‌ని చదవాలా వద్దా అని చెప్పే సెట్టింగ్) మార్చుకోవాలి. వర్డ్‌ప్రెస్ అయితే లేని పేజీలను అదే చూసుకుంటుంది కాబట్టి థీమ్‌లోని 404 ఫైల్‌ని మార్చాలి.

మార్చాక కంటితో చూసి సరిపెట్టుకోవద్దు. టెర్మినల్‌లో కర్ల్ అని కొట్టి, మైనస్, పెద్ద ఐ (curl -I), తర్వాత లేని పేజీ అడ్రస్ ఒకటి ఇవ్వండి. మొదటి లైన్‌లో 404 ఉంటే సరిగ్గా ఉన్నట్టు. 302 వచ్చి కింద లొకేషన్ అని ఉంటే పూర్తి అడ్రస్ ఇంకా ఎక్కడో మిగిలి ఉంది. టెర్మినల్ అలవాటు లేకపోతే బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీ మళ్లీ లోడ్ చేయండి, స్టేటస్ కింద అదే అంకె కనిపిస్తుంది. సెర్చ్ కన్సోల్‌లో పాత లెక్క వెంటనే పోదు, గూగుల్ ఆ లింకుల్ని మళ్లీ చూసేదాకా ఆగాలి. అంకె 404 వచ్చాక కూడా సాఫ్ట్ 404 పెరుగుతూ ఉంటే మాత్రం మీ ఎర్రర్‌డాక్యుమెంట్ లైన్, ఆ మొదటి లైన్ రెండూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.