ఈల్యాబ్‌ఎఫ్‌టీడబ్ల్యూలో కొత్త స్టేటస్ ఎవరు చేర్చాలి?

ప్రయోగాల వివరాలు రాసుకునే ఈ ఎలక్ట్రానిక్ ల్యాబ్ నోట్‌బుక్‌లో, డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ ఫలితం కోసం ఆగిన ప్రయోగాలన్నీ 'రన్నింగ్' అనే స్టేటస్‌లోనే కలిసిపోతున్నాయి, కొత్త లేబుల్ చేర్చే చోటు కనబడట్లేదు అన్నారు కదండీ. అది సాధారణంగా మామూలు యూజర్‌కి కనబడదు. మీ టీమ్ అడ్మినే పేరు, రంగు ఇచ్చి చేర్చాలి. మొదట్నుంచీ ఉండేవి నాలుగే: రన్నింగ్, సక్సెస్, నీడ్ టు బి రీడన్ (మళ్లీ చేయాల్సినవి), ఫెయిల్. చేర్చాక ఆ స్టేటస్‌తో ఫిల్టర్ చేస్తే ఆగినవన్నీ ఒకచోటికి వస్తాయి.

ఒక్క మాట. పీసీఆర్, క్లోనింగ్ లాంటివి స్టేటస్‌లుగా పెట్టించకండి. అవి ప్రయోగాల రకాలు, వాటికి కేటగిరీ వేరే ఉంది. స్టేటస్ చెప్పాల్సింది పని ఎంతవరకు వచ్చిందో. ఫెయిలైనవాటిని మాత్రం దయచేసి డిలీట్ చేయకండి. ఏ ప్రైమర్‌తో (పీసీఆర్‌ని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క), ఏ ఉష్ణోగ్రత దగ్గర జెల్‌పై డీఎన్‌ఏ గీత (బ్యాండ్) రాలేదో మీ తర్వాత చేరే విద్యార్థికి తెలిసేది వాటిలోనే.