స్పారింగ్‌లో (భాగస్వామితో చేసే సాధన పోరులో) దెబ్బ వస్తుందనగానే కళ్లు మూసుకుపోతున్నాయి. రోజూ గట్టిగా స్పారింగ్ చేస్తే ఈ భయం పోతుందా?

మీరు తిరుపతిలో ఆరు నెలలుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నారనీ, బ్యాగ్ మీదా ప్యాడ్స్ మీదా బాగానే కొడుతున్నా రింగ్‌లోకి దిగగానే కళ్లు మూసుకుపోయి, నిమిషానికే ఆయాసం వస్తోందనీ రాశారు. ఈ ఊళ్లోనే విద్యార్థిగా బాక్సింగ్ చేసి, ఇప్పుడు సాయంత్రాలు కొత్తవారికి సాయపడుతున్న అనుభవంతో చెబుతున్నాను: గట్టి స్పారింగ్‌తో ఆ భయం పోదు, ఇంకా పెరుగుతుంది.

ముఖం మీదికి ఏదైనా దూసుకొస్తే రెప్ప పడటం శరీరం తనంతట తాను చేసే పని. దాన్ని పట్టుదలతో ఆపలేము. నెమ్మదిగా వచ్చే పంచ్‌లను వందలసార్లు చూసి, ఇది ప్రమాదం కాదని శరీరానికి నమ్మకం కుదిరినప్పుడే అది తగ్గుతుంది. అందువల్ల మొదటి కొన్ని వారాలు జాబ్ (ముందు చేత్తో నేరుగా వేసే పంచ్) మాత్రమే ఉండే రౌండ్లు పెట్టుకోండి. మీ భాగస్వామి తన బలంలో మూడో వంతుకు మించకుండా జాబ్ వేస్తాడు. మీరు తిరిగి కొట్టకుండా కుడి అరచేతితో దాన్ని పక్కకు తప్పించడం, అర అడుగు వెనక్కి జరగడం, మళ్లీ గార్డ్‌లోకి (చేతులు ముఖానికి అడ్డుగా ఉండే భంగిమలోకి) రావడం మాత్రమే చేస్తారు. చూపు అతని గ్లోవ్స్ మీద కాకుండా ఛాతీ పైభాగం మీద ఉండాలి, ఎందుకంటే చెయ్యి కదలడానికి ముందే భుజం కదులుతుంది. ఇది కుదిరాక తప్పించిన వెంటనే మీరూ ఒక జాబ్ వేయండి. ఆ జాబ్ వేసిన చెయ్యి వెళ్లిన దారినే గడ్డం దగ్గరికి తిరిగి రావాలి. కొత్తవారికి హుక్‌లు (పక్కనుంచి వంపుగా వచ్చే పంచ్‌లు) ఎక్కువగా తగిలేది ఆ చెయ్యి కిందికి జారినప్పుడే.

ఆయాసం విషయానికొస్తే, స్టామినా చాలడం లేదనుకొని తెల్లవారుజామున అలిపిరి మెట్లు ఎక్కే కుర్రవాళ్లను చాలామందిని చూశాను. అది మంచి వ్యాయామమే, కానీ ఆ 3,550 మెట్లూ ఎక్కగలిగినవారు కూడా మొదటి రౌండ్‌లోనే రొప్పుతారు. వారు అసలు ఊపిరి తీసుకోవడం లేదు, భయంతో బిగపట్టి ఉన్నారు. ప్రతి పంచ్‌తో ముక్కు ద్వారా చిన్నగా ఊపిరి వదలడం షాడో బాక్సింగ్‌లోనే (ఎదురుగా ఎవరూ లేకుండా గాలిలో పంచ్‌లు వేసే సాధనలోనే) అలవాటు చేసుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది.

స్పారింగ్‌కు సాధారణంగా 16 ఔన్సుల గ్లోవ్స్ వాడాలి. పోటీల్లో వాడే 10 ఔన్సులవి వద్దు. మౌత్ గార్డ్‌ను వేడినీళ్లలో ముంచి మీ పళ్లకు సరిగ్గా అమర్చుకోండి. హెడ్ గార్డ్ తప్పనిసరి, అయితే అది ఉంది కదా అని గట్టిగా కొట్టుకోవడం పెద్ద పొరపాటు. చర్మం చిట్లకుండా అది కాపాడుతుంది, కానీ తల ఒక్కసారిగా ఊగినప్పుడు లోపల మెదడు కదలకుండా ఆపలేదు. పురుషుల అగ్రశ్రేణి అమెచ్యూర్ పోటీల నుంచి 2013లో హెడ్ గార్డ్‌ను తొలగించినప్పుడు జరిగిన చర్చ కూడా ఎక్కువగా దీని చుట్టూనే తిరిగింది.

ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటకూ తలొగ్గను: దెబ్బ తగిలాక తలనొప్పి, మసక చూపు, వాంతి, తడబాటు, ఏ రౌండ్‌లో ఉన్నామో గుర్తులేకపోవడం వంటి వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజు స్పారింగ్ ముగిసినట్టే. రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో వెళ్లి చూపించుకోండి. డాక్టర్ సరేననే వరకు మళ్లీ రింగ్ ఎక్కకండి. తలకు తగిలిన దెబ్బలతో నాకౌట్ అయిన బాక్సర్‌ను అమెచ్యూర్ నిబంధనలు కనీసం 30 రోజులు పోటీలకు దూరంగా ఉంచుతూ వచ్చాయి. జిమ్‌లో తగిలిన దెబ్బను లెక్కపెట్టే రిఫరీ ఉండడు కనుక ఆ జాగ్రత్త మనమే తీసుకోవాలి. మే నెల ఎండల్లో మధ్యాహ్నం స్పారింగ్ చేయడం, బరువు తగ్గడానికి నీళ్లు మానేసిన రోజున రింగ్ ఎక్కడం కూడా పూర్తిగా మానుకోండి.

భాగస్వామి మీకంటే బరువైనవాడైతే బలం తగ్గించుకోవలసింది అతనే, ఆ మాట రౌండ్‌కు ముందే కోచ్ చేత చెప్పించండి. చెప్పినా వినకుండా కొత్తవారిని కొట్టి సరదా పడే వాతావరణం మీ జిమ్‌లో ఉంటే, మొహమాటపడకుండా వేరే చోటు చూసుకోండి. మూడు నిమిషాల పూర్తి రౌండ్లలో అన్ని పంచ్‌లతో జరిగే స్పారింగ్, జాబ్ రౌండ్లలో మీ కళ్లు తెరిచే ఉంటున్నాయని కోచ్ చూసి చెప్పిన తరువాత, అదీ వారానికి ఒక్కసారితో మొదలుపెట్టవచ్చు.