పదేళ్ళ బాబు చేత మొదటి చేప పట్టించాలంటే ఏం కావాలి?

మొదటిసారి చేప పట్టిన జ్ఞాపకాలు చెప్పమన్నారు. దసరా సెలవుల్లో మీ పదేళ్ళ బాబు చేత ఊళ్ళో గాలం వేయించాలనుకుంటున్నామని, ఏమేం సిద్ధం చేసుకోవాలని కూడా అడిగారు. జ్ఞాపకాలు మిగతావాళ్ళు చెబుతారు, నేను పని సంగతి చెబుతాను. కాలువల కింద ఊళ్ళలో పెరిగినవాళ్ళలో ఎవరిని అడిగినా గాలానికి పడ్డ మొదటి చేప పరిగె అనే చిన్న చేపో, జిలేబీ (తిలాపియా) చేపో అయి ఉంటుంది. మొదటి చేపే కొర్రమీను అని ఎవరైనా చెబితే కాస్త అనుమానించాల్సిందే. మీరూ పరిగె కోసమే గాలం కట్టండి. పెద్ద చేప కోసం కట్టిన గాలానికి చిన్న చేప పడదు. పిల్లవాడు గంటసేపు దారానికి కట్టి నీటిమీద తేలే బెండు వైపు చూసి చూసి ఫోను అడుగుతాడు.

దుకాణంలో అడిగితే రీలు ఉన్న ఫైబర్ కర్ర, దాంతోపాటు చిటికెన వేలంత గాలాలు అంటగడతారు. రెండూ వద్దు. ఎనిమిది తొమ్మిది అడుగుల సన్న వెదురు కర్ర చాలు, కొన కొంచెం వంగేలా ఉండాలి. పచ్చి వెదురు పిల్లల చేతికి బరువు కాబట్టి ఎండినదే చూసుకోండి. దారం 0.20 మి.మీ. నైలాను. పొడవు కర్రకి సమానంగానో, జానెడు తక్కువగానో ఉండాలి. కర్ర కంటే దారం పొడవైతే చేప పైకి లేచాక చేతికి అందదు, ఊగుతూ వెళ్ళి పక్కవాళ్ళ మొహానికి తగులుతుంది.

గాలం నంబరు 10 లేదా 12 అడగండి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, చాలామంది ఇది తిరగేసి అనుకుని పెద్దవి తెచ్చుకుంటారు. పరిగె నోరు ఎంతుంటుంది? పెసరగింజ కంటే కొంచెం పెద్దది. పెద్ద గాలానికి ఎంత ఎర పెట్టినా చుట్టూ కొరుక్కుని పోతుంది తప్ప మింగదు. చెవి ఉన్న గాలమే కొనండి. చెవి బదులు చపటా తోక ఉండే రకం కట్టడం కొత్తవాళ్ళకి కష్టం, ముడి జారిపోతుంది. కొనకి కాస్త కింద వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లుని పట్టకారుతో నొక్కేయండి. ఒకటి రెండు చేపలు తప్పించుకుంటే పోయేదేం లేదు, పిల్లవాడి వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వచ్చేస్తుంది. నొక్కని గాలం ముల్లుదాకా వేలిలో దిగిందా, ఇంట్లో లాగొద్దు. ఆసుపత్రికి తీసుకెళ్ళి తీయించి, టీటీ ఇంజెక్షన్ సంగతీ అక్కడే కనుక్కోండి.

ముడి వేయడం ఇలా: దారం కొసని చెవిలోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, చెవి పక్కన ఏర్పడ్డ చిన్న సందులోంచి వెనక్కి దూర్చాలి. నీళ్ళతో తడిపి మెల్లిగా బిగించాలి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి నైలాను సరిగ్గా అక్కడే బలహీనపడుతుంది. చేప పడ్డప్పుడు ముడి దగ్గర తెగడానికి సగం కారణం ఇదే.

బెండుకి జీలుగు బెండు దొరికితే మంచిది. లేదంటే నెమలి ఈక కాడ, అదీ లేకపోతే పాత హవాయి చెప్పు నుంచి కోసిన పుల్లంత ముక్క. గాలానికి జానెడు పైన సీసం ముక్క నొక్కండి. ఎంత సీసం అన్నది బకెట్టు నీళ్ళలో వేసి చూస్తే తెలుస్తుంది: బెండు నిలువుగా నిలబడి, పైన వేలిగోరంత మాత్రమే కనబడాలి. ఈ ఒక్క పని ఓపిగ్గా చేసుకుంటే మిగతాదంతా సులువవుతుంది. బొటనవేలంత బెండు పెట్టుకుని కూర్చునేవాళ్ళని ప్రతి చెరువు గట్టునా చూస్తాం. కింద పరిగె ఎర లాగుతూనే ఉంటుంది, పైన బెండు కదలదు. గట్టిగా లాగినా ఆ బరువు తెలిసి ఎర వదిలేస్తుంది.

ఎర రెండు రకాలు తీసుకెళ్ళండి. వానపాములు పెంట మీద, అరటి పాదుల్లో, అంట్లు తోమిన నీళ్ళు పారే చోట దొరుకుతాయి. లావువి వదిలేసి సన్నగా ఎర్రగా ఉన్నవి ఏరుకుని, తడి మట్టితో కొబ్బరిచిప్పలో వేసి నీడన ఉంచండి. అంగుళం ముక్క చాలు. గాలం వంపు మొత్తం వానపాము ఒంట్లోకి దూరేలా ఎక్కించి, కొన దగ్గర తోక అర అంగుళం మించకుండా వదలాలి. తోక పొడుగ్గా వేలాడితే చేప ఆ తోక కొరికేసి పోతుంది, మీకు బెండు కదలడం కనబడుతుంది గానీ ఎన్నిసార్లు లాగినా ఏమీ రాదు. రెండోది గోధుమపిండి. చపాతీ పిండి కంటే గట్టిగా కలిపి, అందులో నాలుగు పోగులు దూది కలపండి, నీళ్ళలో తొందరగా విడిపోదు. కందిగింజంత ఉండ చేసి గాలం కొనకి పెట్టాలి. వానపాము ముట్టుకోనని మొరాయించే పిల్లలకి కూడా ఇదే దారి.

చోటు విషయంలో పిల్లవాడు ఉన్నాడు కాబట్టి పెద్ద కాలువ వద్దు. దసరా నాటికి కాలువలు నిండుగా, వడిగా పారుతుంటాయి. గట్టు జారుడుగా ఉంటుంది, ఆ నీటిలో బెండూ నిలవదు. చెరువులో మూడు నాలుగు అడుగుల లోతున్న చోటు, లేదా మెల్లిగా పారే పంట బోదె చూసుకోండి. అంట్లు తోమే రేవు దగ్గర మెతుకులకి అలవాటుపడ్డ పరిగెలు ఎప్పుడూ తిరుగుతుంటాయి, మొదటి చేపకి అంతకంటే మంచి చోటు లేదు. గుర్రపుడెక్క ఉంటే దాని అంచుకి మూరెడు ఇవతల వేయండి. మరీ లోపలికి వేస్తే వేళ్ళకి తగులుకుని గాలం పోతుంది. మన నీడ నీళ్ళమీద పడకూడదు, గట్టు మీద దబదబా నడవకూడదు. కర్ర ఎత్తేముందు పైన కరెంటు తీగలున్నాయేమో చూడండి, పొలాల గట్ల మీద అవి బాగా కిందికి వేలాడుతుంటాయి. ఈత వచ్చిన పెద్దవాళ్ళు ఒకరు పిల్లవాడికి చెయ్యందే దూరంలో ఉండాలి.

చెరువు ఎవరిదో ముందే కనుక్కోండి. మన దగ్గర చాలా చెరువుల్లో మత్స్య సహకార సంఘాలో, పాడుకున్నవాళ్ళో బొచ్చె, రాగండి పిల్లలు వదులుతారు. ఒంటి గాలంతో పరిగెలు పట్టుకుంటామని అడిగితే చాలాచోట్ల సరేనంటారు. అడక్కుండా కూర్చుంటే మాత్రం గొడవే. ప్రైవేటు చేపల చెరువుల జోలికి అసలు వెళ్ళొద్దు. రాగండి, బొచ్చె పిల్లలు పడితే అక్కడే వదిలేయండి.

వేళ విషయానికి వస్తే ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి పొద్దుగూకేదాకా. మబ్బు పట్టి గాలి లేని తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే అవి ఎరకోసం వచ్చాయనుకోవద్దు. రాత్రంతా నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి గాలికోసం తేలతాయి, ఎంత మంచి ఎర వేసినా ముట్టవు. ఎండ పడేదాకా ఆగాలి.

ఇక లోతు. ముందు బెండుని దారం మీద పైకి జరిపి గాలం వేయండి. బెండు పడుకుంటే సీసం అడుగుకి ఆనినట్టు. నాలుగేసి వేళ్ళు కిందికి జరుపుతూ వేసి చూడండి. బెండు నిలబడేదాకా జరిపితే సీసం అడుగు నుంచి లేచి, ఎర మాత్రం అడుగున ఆని ఉంటుంది, జిలేబీలకి అది సరైన లోతు. పరిగెలకైతే ఇంకో జానెడు పైకి తేవాలి. గుప్పెడు తవుడు తడి మట్టితో ఉండ చేసి బెండు పక్కన ఒకటి వేయండి. పావుగంటకి ఇంకోటి, అంతే. ఎక్కువ వేస్తే కడుపు నిండిన చేప ఎర వైపు చూడదు.

బెండు ఎలా కదిలితే ఏ చేపో చెప్పడం నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. పరిగె టకటకా పొడుస్తుంది, బెండు కొన వణికినట్టు కదులుతుంది. ఆ వణుకు మధ్యలో ఒక్కసారి అంగుళం మునిగినప్పుడు లాగాలి. జిలేబీ కాసేపు ఎరతో ఆడి, బెండుని పక్కకి ఏటవాలుగా ఈడ్చుకుపోతుంది. అలా కదలడం మొదలవగానే లాగొచ్చు. మీసాలుండే జెల్ల చేప అయితే ఆలోచించే పని పెట్టదు, బెండు ఒక్కసారిగా మాయమవుతుంది. నిలబడ్డ బెండు ఉన్నట్టుండి పైకి లేచి పడుకుంటే చేప ఎరతోపాటు సీసాన్నీ ఎత్తిందన్నమాట, అప్పుడూ లాగాల్సిందే. చాలా నెమ్మదిగా, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు బెండు జరుగుతుంటే అది పీత కావచ్చు. ఇంకో నాలుగు మూరల అవతల వేసుకోండి.

లాగడం అంటే మణికట్టు తిప్పడం, జానెడు కదిలితే చాలు. పిల్లలు ఆత్రంలో కర్రని రెండు చేతులతో నెత్తిమీదుగా వెనక్కి విసురుతారు. చేప వెనకున్న తుమ్మచెట్టులో పడుతుంది, లేదా పెదవి చిరిగి నీళ్ళలోనే ఉండిపోతుంది. దానికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇంకొకటుంది: కర్ర కొనకీ బెండుకీ మధ్య దారం నీటిమీద వదులుగా పడి ఉండటం. అప్పుడు మీరు లాగిన జానెడూ ఆ వదులు తియ్యడానికే సరిపోతుంది, గాలం దాకా చేరదు. బెండు నిలబడగానే కర్ర కొన కాస్త ఎత్తి దారాన్ని సరిచేసుకోవడం అలవాటు చేయండి.

పడిన పరిగెని తడి చేత్తో పట్టుకోవాలి. పొడి చేతికి పొలుసులు అంటుకుని రాలిపోతాయి. తోక మొదట్లో నల్లటి చుక్క, వానాకాలంలో మగదైతే పక్కన నారింజ గీత, ఇవి దగ్గరనుంచి పిల్లవాడికి చూపించండి. జిలేబీకి వీపు మీద ముళ్ళుంటాయి. తల వైపు నుంచి వెనక్కి నిమురుతూ వచ్చి, ముళ్ళు పడుకున్నాక బిగించి పట్టాలి. గాలం ఎటు నుంచి దిగిందో అటే వెనక్కి తిప్పి తీయాలి. లోపలికి మింగేస్తే పీకులాడకుండా దారం కోసేయండి. అరకిలో పైన ఉన్నది పడితే కర్రతో పైకెత్తొద్దు, దారం బిగువుగా ఉంచి గట్టు మీదికి ఈడ్చండి.

జెల్ల పడితే పిల్లవాడిని ముట్టుకోనివ్వొద్దు. వీపు మీద ఒకటి, చెంపల వెనక చెరొకటి ముళ్ళు నిక్కపొడుచుకుని ఉంటాయి, గుచ్చుకుంటే మంట గంటల తరబడి పోదు. గుచ్చుకున్న చోటుని చర్మం కాలకుండా, భరించగలిగినంత వేడి నీళ్ళలో ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లు ముక్క లోపలే విరిగినా, వాపు పెరిగినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పట్టిన చేపల్ని సంచిలో వేసి నీళ్ళలో వేలాడదీసే అలవాటుంటే మానుకోండి, నీరుకట్టె పాములు వెతుక్కుంటూ వస్తాయి. బకెట్టు, నీడ, పైన తడిగుడ్డ చాలు. జిలేబీలని ప్రాణంతో తీసుకెళ్ళి ఇంకో చెరువులో మాత్రం వేయొద్దు. అసలే అది ఆఫ్రికా జాతి చేప, 1950ల్లో మన దేశానికి తెచ్చారు, ఎక్కడ వేసినా మిగతావాటికి చోటు మిగల్చదు.

అరగంటలో ఒక్కసారీ బెండు కదలకపోతే ముందు లోతు మార్చండి, తర్వాత ఎర, ఆఖర్న చోటు. కదులుతూ కూడా పడకపోతే ఎర ముక్క సగానికి తగ్గించండి, అప్పటికీ పడకపోతే గాలం ఇంకో నంబరు చిన్నది కట్టండి.

పరిగెలు ఓ పాతిక పడ్డాయంటే పులుసుకి సరిపోతాయి. గరుకు బండ మీద రాళ్ళుప్పు, బూడిద వేసి రుద్దితే పొలుసు పోతుంది. పొట్ట కోసేటప్పుడు ఆకుపచ్చగా కనబడే చేదుతిత్తి పగలకుండా పేగుతో సహా ఒకేసారి లాగేయాలి. ఒక్కటి పగిలినా కూర మొత్తం చేదెక్కుతుంది, తర్వాత ఎంత చింతపండు పోసినా దాగదు.