కొట్టేసిన వాక్యం గురించి

నెల్లూరు,
మాఘ మాసం

చిరంజీవికి ఆశీస్సులు.

పిట్టల మీద నువ్వు రాసిన వ్యాసాల నోట్‌బుక్ అంది పది రోజులైంది. జవాబు రాలేదని టెన్షన్ పడుతుంటావని తెలుసు. కంటి ఆపరేషన్ తర్వాత రోజుకి నాలుగైదు పేజీలు మించి చదవలేకపోతున్నాను. ఒకందుకు అదే మంచిదైంది. నెమ్మదిగా చదివితే ఏది నువ్వు చూసి రాసిందో, ఏది చేతికి అలవాటుగా వచ్చేసిందో తెలిసిపోతోంది.

నేలపట్టు పక్షుల కేంద్రంతో మొదలుపెడతాను. మా వైపు చెరువు కాబట్టి అక్కడ నువ్వు నాకు సులువుగా దొరికిపోతావు. "పక్షుల కిలకిలారావాలతో చెరువంతా మార్మోగిపోతోంది" అని రాశావు. తల్లీ, అక్కడ కిలకిలలాడేదెవరు? ఎర్రకాళ్ళ కొంగ పెద్దదయ్యాక గొంతు విప్పడం తక్కువ, ముక్కు చెక్కలు రెండూ టకటకలాడిస్తుంది. పెద్ద గూడబాతు, అదే పెలికాన్, దాదాపు మూగదే. గోలంతా పిల్లలది, ఆకలి గోల. దాన్ని కిలకిల అంటే ఆ పిల్లలే ఒప్పుకోవు. వాసన మాటేమిటి మరి? అక్టోబరు నుంచి మార్చి దాకా ఆ నీళ్ళలోని కడప చెట్ల మీద అన్ని పిట్టలు కాపురం పెడితే, రెట్టా చేపలూ కలిసిన కంపు వాచ్ టవర్ ఎక్కకముందే ముక్కుకి తగులుతుంది. ఆ రెట్ట కలిసిన నీళ్ళే పొలానికి బలమని ఊళ్ళో రైతులు చెబుతారు. పిట్టల్ని వాళ్ళు తమవిగా చూసుకోవడానికి అదీ ఒక కారణం. నీ వ్యాసంలో కంపు లేదు. కంపు లేదు కాబట్టి రైతూ లేడు.

కిలకిలారావం నువ్వు విన్నది కాదు, చదివింది. ఈ తప్పు నీ ఒక్కదానిదే అనుకోకు. బాగా పాడే ఆడవాళ్ళని గానకోకిల అంటాం కదా, కూ అని పాడేది మగ కోయిల. ఆడది గోధుమ రంగు ఒంటి మీద తెల్లచుక్కలతో ఉంటుంది, కిక్‌కిక్‌మంటూ ఎగిరిపోతుంది. నాకు ముప్పై ఏళ్ళు దాటేదాకా నా కథల్లో ఆడకోయిలలే పాడాయి. ఓ పాఠకుడు పోస్టుకార్డు రాశాడు: "అయ్యా, ఒకసారి తలెత్తి చెట్టు మీదికి చూడండి." అంతే, సంతకం కూడా లేదు. ఇప్పటికీ నా కథల మీద వచ్చిన సమీక్షల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

ఇక రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కు. చదువుతుంటే కిరాణా కొట్టు చీటీలా ఉంది. మూడు రోజుల్లో 132 జాతులు. సంతోషం. ఆ పార్కులో గుడి దగ్గర రాతి పలకలున్నాయి, చూశావో లేదో. ఒకప్పుడది రాజావారి బాతుల వేటకి కట్టిన మడుగు. ఏ రోజు ఎవరి గౌరవార్థం వేట జరిగింది, ఎన్ని పిట్టలు కూలాయి అన్నది ఆ రాళ్ళ మీద చెక్కించారు. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిన రోజు లెక్క 4,273. పిట్టల శాస్త్రవేత్త సలీం అలీ పుట్టింది 1896 నవంబరు 12న. అంటే ఆ తుపాకులు పేలుతున్న రోజే ఆయనకి 42 నిండాయి. ఆ రాతి మీద లెక్కయితే ఉంది కానీ పిట్ట ఒక్కటీ లేదు. నువ్వు ఎవర్నీ చంపలేదు, పోలిక మోటుగా ఉందని నాకూ తెలుసు. అయినా ఉంచుతున్నాను.

జాబితా మానమని కాదు. పిట్టల లెక్కలు చేర్చే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టు, ఎవరికో పనికొస్తుంది. సైబీరియా కొంగలు 2002 తర్వాత భరత్‌పూర్ రాలేదని మనకి తెలిసిందంటే, ఏటేటా ఎవరో ఓపిగ్గా లెక్క రాసిపెట్టబట్టే. కానీ నాకు నువ్వు రాసే వ్యాసంలో ఆ 132లో ఒకటి చాలు.

ఆ ఒకటీ భరత్‌పూర్‌దే కానక్కర్లేదు. మీ ఊరి బయట గేదె వీపు మీద కూర్చుని, చీలిన తోకతో నల్లగా ఉంటుందే, ఏట్రింత, దాన్ని ఓ నెల పట్టుకో. కొన్ని ఊళ్ళలో పసుల పోలిగాడు అంటారు. గేదె గడ్డిలో నడుస్తుంటే పైకి లేచే పురుగుల కోసమే దాని కొలువు. తనకి మూడింతలున్న గద్దని కూడా గూడు దరిదాపుల్లోకి రానివ్వదు, అందుకే మెత్తని పిట్టలు కొన్ని దాని గూడున్న చెట్టునే వెతుక్కుంటాయి. ఇదంతా నేను చెప్పాను కాబట్టి రాయకు. వెళ్ళి కూర్చో. నాలుగు రోజులు ఏమీ జరగకపోతే ఆ ఏమీ జరగకపోవడమే రాసుకో. ఫోన్‌లో పిట్టల పేర్లు చెప్పే మెర్లిన్ యాప్ ఉంటుంది, ఉండనీ. పేరు అది చెప్పేలోపు రంగూ, నడకా, కూతా నీ మాటల్లో రెండు ముక్కలు గీకెయ్. పేరు తెలిసిపోయాక కన్ను బద్ధకిస్తుంది. నాకైతే బద్ధకించింది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి. నోట్‌బుక్ నిండా ఓపెన్‌బిల్, లాప్‌వింగ్, కూట్. ఓపెన్‌బిల్‌ని నత్తగుల్ల కొంగ అంటే అది తినేదేంటో పేరులోనే ఉంది కదా. ఆ పేరు పెట్టినవాడు చెరువు గట్టున కూర్చుని దాన్ని చూశాడు. కూట్‌ని బొల్లికోడి అన్నవాడు దాని నుదుటి తెల్లమచ్చని చూశాడు. ఇంగ్లీషు పేర్లు తప్పని కాదు, మీ ఊళ్ళో అరవై దాటినవాళ్ళని ముందు అడిగి ఆ తర్వాత పుస్తకం తెరువు. జెర్డన్ అనే డాక్టరు మా నెల్లూరులోనే సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. యానాదుల దగ్గర కూర్చుని పిట్టల గురించి తెలుసుకున్నాడు. తర్వాత రాసిన పెద్ద పుస్తకంలో తెలుగు పేర్లు కూడా చేర్చాడు. 1848లో ఆయన లోకానికి చెప్పిన పిట్టే మన కలివి కోడి. 1900 ప్రాంతం తర్వాత అది ఎవరికీ కనబడలేదు, పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతికినవాడు భరత్ భూషణ్. రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టింది ఐతన్న అనే పిట్టలు పట్టే మనిషి. పట్టిన పిట్ట బతకలేదు, అదీ ఆ కథలో భాగమే. ఐతన్న లాంటివాళ్ళకి అది ఏనాడూ పోలేదు. కలివి పొదల్లో తిరిగే కోడి, అంతే. నీ దగ్గర బైనాక్యులర్స్ ఉన్నాయి. పక్కన ఐతన్న ఉన్నాడా? పులికాట్‌లో నీ పడవ నడిపిన మనిషి గురించి ఒక్క వాక్యమే ఉంది, "బోటతను చాలా హెల్ప్ చేశాడు" అని. ఏం చేశాడు?

ఇంకొకటి, ఇది నా సిగ్గు గురించి. పాతికేళ్ళ కింద ఓ వారపత్రికలో గుడ్లగూబ గూడు మీద వ్యాసం రాశాను. మూసేసిన కంకర క్వారీ, రాతి అరుగు మీద గుడ్లు, చెవుల దగ్గర కొమ్ముల్లా ఈకలున్న పెద్ద రకం. ఊరి పేరు రాశాను, క్వారీకి దారి కూడా రాశాను. అందంగానే రాశాను. తర్వాతి ఆదివారం కెమెరాలతో రెండు జీపులొచ్చాయట. రాత్రంతా ఫ్లాష్‌లు. ఆ వారంలోనే తల్లి గుడ్లు వదిలేసింది. నేను వెళ్ళేసరికి అరుగు మీద ఒక్క గుడ్డుంది, చల్లగా. ఇంకోటి ఏమైందో తెలీదు. గుడ్లగూబని క్షుద్రపూజలకి పట్టేవాళ్ళుంటారు కాబట్టి తల్లి గురించి కూడా అనుమానమే. నీ మూడో వ్యాసంలో నల్లంచి పిట్ట గూడు ఏ గోడ కన్నంలో ఉందో ఇంటి నంబరుతో సహా ఉంది. అది తీసెయ్. కన్నం ఉంచు, నంబరు తీసెయ్.

నోట్‌బుక్ రేపు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. పెన్సిల్ గీతలు నావి, టీ మరక మాత్రం నాది కాదు, వచ్చేటప్పటికే ఉంది. ఆ మరక పక్కన నువ్వు అడ్డంగా కొట్టేసిన వాక్యం ఒకటుంది, దీపం దగ్గర పెట్టుకుని చదివాను: "పెద్ద గూడబాతు నోరు తెరిస్తే పిల్ల మెడ దాకా తల లోపల పెట్టేసింది, మింగేస్తోందనుకుని నేను అరిచాను, అమ్మ నవ్వింది." దాని కింద శుభ్రంగా ఇంకో వాక్యం రాశావు, మాతృప్రేమ ఎంత గొప్పదో అని.

కొట్టేసింది ఎందుకు కొట్టేశావు?

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి