హైదరాబాద్–దుబాయ్: పోవడానికి రెండున్నర, రావడానికి ఐదు గంటలా?

ప్రశ్న: మా అబ్బాయి పంపిన టికెట్‌లో విమానం హైదరాబాద్‌లో ఉదయం 10.00కి లేచి దుబాయ్‌లో 12.30కి దిగుతుందని ఉంది. తిరుగు టికెట్‌లో మధ్యాహ్నం 2.00 నుంచి రాత్రి 7.00 దాకా వేశారు. దూరం ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: టికెట్ మీద ఎక్కే సమయం ఎక్కే ఊరిది, దిగే సమయం దిగే ఊరిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. కాబట్టి పోయేటప్పుడు ఆ గంటన్నర కలపండి: 4 గంటలు. వచ్చేటప్పుడు తీసేయండి: మూడున్నర.

మిగిలిన అరగంట తేడా గాలిది. పై ఎత్తుల్లో, ముఖ్యంగా చలికాలంలో, గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. విమానం వేగం గంటకు 840 కిలోమీటర్లు అనుకుందాం. 80 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద లెక్కకు 760 మిగులుతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే 920. వానాకాలంలో దక్షిణాది మీద పైగాలి తూర్పు నుంచి వీస్తుంది కనుక ఈ తేడా తగ్గుతుంది.

అసలు పొరపాట్లు తేదీ దగ్గర జరుగుతాయి. దుబాయ్‌లో 10వ తేదీ రాత్రి 10.30కి ఎక్కితే శంషాబాద్‌లో దిగేది 11వ తేదీ తెల్లవారుజామున 3.30కి. దిగే సమయం పక్కన ‘+1’ అని చిన్నగా ఉంటుంది. అది చూడకుండా కారు మాట్లాడితే ఒక రాత్రి ముందే వచ్చి కూర్చుంటుంది! అలాగే 11వ తేదీ 00.30కి విమానమంటే ఇంట్లోంచి కదలాల్సింది 10వ తేదీనే.

ప్రశ్న: ఈ దూరం ఒకచోట 2,547, ఇంకోచోట 1,583, మరోచోట 1,375 అని కనిపిస్తోంది. ఏది నిజం?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మూడూ నిజమే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్లు, మూడోది పైలట్లు వాడే నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.852 కిలోమీటర్లు).

కాగితం మీద మీరే చూసుకోవచ్చు. శంషాబాద్ 17.24 ఉత్తరం, 78.43 తూర్పు, దుబాయ్ 25.25, 55.36. అక్షాంశాల తేడా 8.01 డిగ్రీలు. డిగ్రీకి 111.2 చొప్పున 891 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 23.07. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి దీన్ని మధ్య అక్షాంశం (21.25) కొసైన్ 0.932తో గుణించాలి. 21.5 డిగ్రీలు, అంటే 2,391 కిలోమీటర్లు. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 2,551. భూమి గుండ్రదనాన్ని పూర్తిగా పట్టించుకున్న లెక్కకు 4 కిలోమీటర్లే ఎక్కువ. అమెరికా దూరాలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

విమానం నిజంగా తిరిగేది ఇంకొంచెం ఎక్కువే. నిర్ణీత గగనమార్గాలు, దిగే ముందు చక్కర్లు ఉంటాయి కదా.

ప్రశ్న: జగిత్యాల నుంచి 10 గంటల విమానానికి ఎప్పుడు బయల్దేరాలి?
– అదే పాఠకురాలు

జవాబు: రాత్రి 2కి. రోడ్డు మీద ఐదు గంటలు పట్టొచ్చు. విమానాశ్రయంలో మూడు గంటలు చేతిలో ఉండాలి. అంతర్జాతీయ విమానాలకు చెక్‌ఇన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. టికెట్‌లో విమానాశ్రయం కోడ్ కూడా చూడండి: డీఎక్స్‌బీ అయితే దుబాయ్ ఊళ్లోది, డీడబ్ల్యూసీ అయితే ఊరికి దూరంగా జెబెల్ అలీ వైపుది, ఎస్‌హెచ్‌జే అయితే పక్కనున్న షార్జా. మీ అబ్బాయి ఎక్కడికి రావాలో ముందే చెప్పండి.