ఎయిర్‌లైన్ అమ్మేశారు, మరి హ్యాంగర్?

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఎం.పి.సి. రెండో ఏడాది. విమానాల రిపేర్ కోర్సు చేస్తానంటున్నాడు. ఎయిరిండియానే టాటాలకు ఇచ్చేశాక, ప్రభుత్వం దగ్గర మిగిలిన రిపేర్ విభాగానికి పనెక్కడిది? కాలేజీవాళ్లేమో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు.
- ఒక తల్లి, కర్నూలు

జవాబు: పనికేం కొదవలేదమ్మా. 2022 జనవరిలో ఎయిరిండియా టాటాలకు వెళ్లింది, ఇంజనీరింగ్ విభాగం ఏఐఈఎస్ఎల్ మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. ఇల్లు అమ్మేసి వంటవాణ్ణి ఉంచుకున్నట్టుంది కదూ? కానీ వంట వచ్చినవాడికి నాలుగిళ్లలో పని దొరుకుతుంది. ఇప్పుడు బయటి ఎయిర్‌లైన్ల విమానాలూ చూస్తున్నారు. నాగపూర్‌లో బోయింగ్ కట్టించిన పెద్ద హ్యాంగర్, అంటే విమానాల రిపేర్ షెడ్డు, వాళ్లదే, మన శంషాబాద్‌లోనూ ఒకటుంది.

సి-చెక్ అని, ఇంచుమించు రెండేళ్లకోసారి విమానాన్ని విప్పి చూడాలి. డబ్బుల్లేవని వాయిదా వేస్తే విమానం ఎగరదు. ఒకప్పుడు ఇక్కడ 18 శాతం జీఎస్టీ పడేది, దాంతో చాలా విమానాలు సింగపూర్, కొలంబో పోయేవి. 2020లో దాన్ని 5 శాతానికి తగ్గించారు. ఇంజన్ల పని ఇంకా చాలావరకు విదేశాల్లోనే. 2025 నవంబరులో శంషాబాద్ దగ్గర ఫ్రెంచి కంపెనీ సాఫ్రాన్ వాళ్ల లీప్ రకం ఇంజన్ల రిపేర్ షాపుకి ప్రారంభోత్సవం అయిందిగా, అదీ మారుతుంది.

అసలు కొరత లైసెన్స్ ఉన్న చేతులకి. కాలేజీ సర్టిఫికెట్ వేరు, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్స్ వేరు. పరీక్షలు పాసవ్వాలి, హ్యాంగర్‌లో అనుభవం చూపించాలి. అప్పుడే విమానాన్ని ఎగరడానికి రిలీజ్ చేస్తూ సంతకం పెట్టనిస్తారు. ఇంజన్, బాడీ వైపు బి1, ఎలక్ట్రానిక్స్ వైపు బి2.

ఆ సంతకం విలువ నాకొక రాత్రి తెలిసింది. షిఫ్ట్ చివర్లో టూల్ బోర్డు మీద నట్లు బిగించే సాకెట్ ఒకదాని చోటు ఖాళీగా కనిపించింది. విమానంలోనే ఉండిపోయిందేమో! పొద్దున్నే ఫ్లైట్, ఒకటే టెన్షన్. బిగించిన ప్యానెళ్లన్నీ మళ్లీ విప్పాం, టార్చి పట్టుకుని నేలంతా పాకాం. మూడింటికి దొరికింది, మా హెల్పర్ విప్పి పెట్టిన స్వెట్టర్ జేబులో! పైవాళ్లు ఆలస్యానికి నాకు మెమో ఇచ్చారు. ఇవ్వనీండి, సాకెట్ దొరక్కుండా నేను సంతకం పెట్టను.

గ్యారంటీ మాట నమ్మకండి. మొదట ఆ కాలేజీకి డీజీసీఏ అనుమతి ఉందో లేదో చూడండి. పోయిన మూడు బ్యాచ్‌లలో లైసెన్స్ ఎంతమందికి వచ్చిందో అడగండి, కాగితం మీద చూపించమనండి. ఇంకో సంగతి, మీవాడు ఇంట్లో ఫ్యాన్ విప్పి మళ్లీ బిగిస్తే ఒకట్రెండు స్క్రూలు మిగిలిపోతాయా? ఆ జవాబు కూడా రాయండి.